మొదటి తూటా

లైల్ బావకు,

అక్క నా దగ్గరే ఉంది. క్షేమమని మాత్రం రాయలేను.

తూటాలు మళ్ళీ నింపుతాను, ఏ తుపాకి మందు కొనమంటావని అడిగావు. పోయినసారీ అడిగావు. తూటా ఇత్తడి గొట్టం నిండా పట్టే మందు కొను, పొరపాటున రెండుసార్లు పోస్తే పిస్తోలు పగలకముందే పొంగి తెలుస్తుందన్నాను. "చిటికెడుతో పనైపోయేదుంటే అంత తగలేయడం దేనికి బామ్మర్దీ?" అని నవ్వావు. అదే గొట్టంలో రెండో చిటికెడు పడటం నీకు కనపడనే లేదు.

నింపినవాడే మొదటి తూటా కాల్చాలని మన ఐడహోలో అందరికీ తెలుసు. నువ్వు పిస్తోలు అక్క చేతికిచ్చావు.

ఈసారి నీకు నచ్చిన మందే కొనుక్కో. మొదటిది మాత్రం నువ్వే కాల్చు. మిగిలిన కంటితో చూడటానికి అక్క వస్తానంటోంది.

నీ బావమరిది