ఏడో నంబరు బస్సులో ఎంతమంది?

మేనకోడలికి మామయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటంటావేమో. ఫోన్లో నువ్వు ‘ఊఁ, ఊఁ’ అంటూ ఇంకో పని చేసుకుంటావు. ఉత్తరమైతే చదివి తీరాలి.

కొత్త కాలనీ వాళ్లు బస్సు కావాలని నా ప్రాణం తోడేస్తున్నారు. మనకున్నవి పన్నెండే. వాళ్లకి వేయాలంటే ఒక రూటు ఆపాలి. ఏది ఆపేదీ నెలాఖరులోగా పర్మిట్ల ఆఫీసుకి చెప్పాలి. కంప్యూటర్‌నే అడుగుదామని ఇద్దరిని పిలిపించాను. టై కట్టుకున్నాయన బిజినెస్ ఇంటెలిజెన్స్ రిపోర్టులు అమ్ముతాడట. ఇంటెలిజెన్స్ అనగానే గూఢచారులనుకుని, మా డ్రైవర్ల వెనక మనుషుల్ని పెట్టేది లేదని కేకలేశాను. పాపం, రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాడు. ఇంకొకావిడ, కళ్లజోడావిడ, డేటా అనాలిసిస్ అమ్ముతుందట. ఆవిడ చెప్పిందేమీ లేదు, అన్నీ అడగడమే. అమ్మేవాళ్లు మాట్లాడాలి గానీ, కొనేవాడి చేత మాట్లాడిస్తారా ఎక్కడైనా?

నువ్వు చదివింది ఆ చదువే కదా. ఏది కొనమంటావు?

ఇట్లు,
మామయ్య

తా.క. టై ఆయన డ్యాష్‌బోర్డు ఉచితంగా ఇస్తానన్నాడు. మన బస్సులన్నిటికీ డ్యాష్‌బోర్డులున్నాయి, నాలుగో నంబరుదే పగిలింది, అదొక్కటి మార్చి వెళ్లమన్నాను.

* * *

మామయ్యకి నమస్కారాలు.

ఆయన చెప్పిన డ్యాష్‌బోర్డు స్టీరింగు వెనకాల ఉండేది కాదు మామయ్యా. లెక్కలన్నీ బొమ్మలుగా కనిపించే కంప్యూటర్ తెర.

తేడా తేలిగ్గా చెబుతాను. జ్వరం ఎంతుందో చూపించేది థర్మామీటరు. ఎందుకొచ్చిందో వెతికేది డాక్టరు. రిపోర్టులు థర్మామీటరు లాంటివి, అనాలిసిస్ డాక్టరు లాంటిది. మీకేది కావాలో మీ టికెట్ల లెక్కలు చూసి చెబుతాను. ఆరు నెలల ట్రిప్పు షీట్లు పంపండి. పంపేముందు డేటా శుభ్రం చేయించండి. మురికి డేటాతో దేవుడు కూడా ఏమీ చేయలేడు. ఎక్కడైనా అంకె అనుమానంగా కనిపిస్తే అక్కడే డ్రిల్ చేసుకుంటూ లోపలికి వెళ్లాలి. అంతే, చాలా సులువు.

మీ
మేనకోడలు

తా.క. టై ఆయనకి నా సానుభూతి చెప్పండి.

* * *

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

శుభ్రం చేయించాను. ముగ్గురు కండక్టర్లు రెండు రోజులు కూర్చుని షీట్లన్నీ తడిగుడ్డతో తుడిచారు. మొదటి రెండు నెలల షీట్లకి మురికి వదిలింది, దాంతోపాటు అంకెలూ వదిలాయి. అది చూసి మీ అత్తయ్య నెత్తి కొట్టుకుని, మిగతా నాలుగు నెలలవీ ఇస్త్రీ చేసి ఇచ్చింది. అవే పంపుతున్నాను. ఇంత శుభ్రమైన డేటా మీ ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు.

డ్రిల్లు సంగతి మన మెకానిక్‌తో చెప్పాను. ‘ఎంత లోపలికండీ?’ అన్నాడు. నువ్వది రాయనేలేదు. అందుకని ఆపించాను.

ఇట్లు,
మామయ్య

తా.క. ఆపించేలోపే ఒక కన్నం పడింది. నాలుగో నంబరు డ్యాష్‌బోర్డుకే లే, ఎలాగూ పగిలిందేగా.

* * *

మామయ్యకి నమస్కారాలు.

మా ఆఫీసులో ఇస్త్రీ చేసిన డేటాని నిజంగానే ఇంతకుముందు ఎవరూ చూడలేదు. అందుకే అందరూ వరసపెట్టి వచ్చి చూసి వెళ్లారు.

లెక్క తేలిపోయింది. పదకొండు బస్సులు బాగానే నడుస్తున్నాయి. ఏడో నంబరు ఒక్కటే విడ్డూరం. పొద్దుటి ట్రిప్పులో ఎప్పుడు చూసినా తొమ్మిది టికెట్లు, మహా అయితే పది. దీన్ని అవుట్‌లయర్ అంటాం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారే, అలాంటిదన్నమాట. ముందు దాన్ని పక్కన పెట్టేయండి. మిగతావి తేటగా కనిపిస్తాయి. నన్ను నమ్మండి, అంకెలు అబద్ధం చెప్పవు.

మీ
మేనకోడలు

తా.క. శుభ్రం అంటే రాతలో తప్పులు దిద్దడం, డ్రిల్ అంటే అంకె వెనకున్న వివరాలు తవ్వడం. మెకానిక్ దగ్గర్నుంచి ఆ డ్రిల్లు తీసేసుకోండి.

* * *

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉలిపికట్టె ఎవరో చదవగానే అర్థమైంది. ఏడో నంబరు డ్రైవరు. షెడ్డులో అందరూ ‘నిదానం’ అంటారే, ఆయన. ఇంకొకడు అరగంటలో నడిపే దారిని ఇరవై రెండేళ్లుగా యాభై నిమిషాలు నడుపుతున్నాడు. నువ్వు చెప్పినట్టే పక్కన పెట్టేశాను.

రేపట్నుంచి రావద్దన్నాను. ‘ఏం తప్పు చేశానండీ?’ అన్నాడు. ‘నువ్వు అవుట్‌లయరువట. మా మేనకోడలు లెక్క కట్టి మరీ చెప్పింది’ అన్నాను. ‘పెద్ద చదువులవాళ్లు ఊరికే చెప్పరు లెండి’ అని బస్సు తాళాలు బల్ల మీద పెట్టాడు. చొక్కా జేబులోంచి కళ్లద్దాల గుడ్డ తీసి, ఆ తాళాలని ఒకసారి తుడిచి మరీ వెళ్లాడు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. అయినా లెక్క లెక్కే కదా.

ఇట్లు,
మామయ్య

తా.క. మీ అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. నీతో కూడా మాట్లాడటం లేదని రాయమంది.

* * *

మామయ్యా!

నేను పక్కన పెట్టమంది అంకెని, మనిషిని కాదు! లెక్కలోంచి తీసి చూడమన్నాను, కొలువులోంచి కాదు. ఈ ఉత్తరం అందగానే ఆయన ఇంటికి వెళ్లండి.

నిజం చెప్పనా? ఆ తొమ్మిది ఎందుకొచ్చిందో నాకూ తెలియదు. తెలియకుండానే అంత ధీమాగా రాసేశాను. తప్పు నాదే.

మీ
మేనకోడలు

తా.క. ఇందులోనే ఆయనకి క్షమాపణ ఉత్తరం పెట్టాను. మీరు చదవకుండా ఇవ్వండి. మీరు చదివితే దానికి కూడా ఏదో ఒకటి చేస్తారు.

* * *

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందేలోపే ఇక్కడ కథ మారిపోయింది. నిదానం స్థానంలో నడపడానికి ఎవరూ దొరక్క, సోమవారం పొద్దున ఏడో నంబరు నేనే తీశాను. మూడో స్టాపు దాటేసరికి కాలు పెట్టడానికి చోటు లేదు! దిగాక కండక్టరు తొమ్మిది టికెట్లు చూపించాడు. ‘మిగతావాళ్లేరయ్యా?’ అన్నాను. ‘అందరూ పాసులేనండీ’ అన్నాడు.

బట్టల ఫ్యాక్టరీ ఆడవాళ్లు, నర్సింగు స్కూలు పిల్లలు, యాభై నాలుగు మంది. పాసులు మనం ఆఫీసు కిటికీ దగ్గర వేరే పుస్తకంలో రాస్తాం. ట్రిప్పు షీటులోకి ఎక్కవు. నువ్వన్నది నిజమే, అంకెలు అబద్ధం చెప్పలేదు. మనం వాటిని అడిగింది టికెట్లెన్నని, మనుషులెందరని కాదు.

పైగా ఇరవై ఎనిమిది నిమిషాల్లో చేర్చానని మీసం దువ్వుతుంటే, ఒకావిడ నిలదీసింది.

‘మా డ్రైవరేడండీ?’

‘తొందరగానే తెచ్చాను కదమ్మా!’

‘తెచ్చారు. గేటు తీసేదాకా ఇక్కడ నిలబడి ఏం చేయమంటారు? ఆయనైతే కునుకు తీసేవాళ్లం. రోజు మొత్తంలో మాకు దక్కే కునుకు అదొక్కటే.’

తిన్నగా నిదానం ఇంటికి వెళ్లి, నువ్వు చెప్పుకోవాల్సిన క్షమాపణ కూడా నేనే చెప్పుకున్నాను. అంత నెమ్మదిగా ఎందుకు నడుపుతావయ్యా అంటే, ‘దారంతా గుంతలండీ. కుదిపితే లేస్తారు’ అన్నాడు. ఇన్నేళ్లలో ఆ ముక్క నేను అడిగిన పాపాన పోలేదు. మర్నాడే పనిలోకి వచ్చాడు. తర్వాత అందిన నీ క్షమాపణ ఉత్తరం చదవకుండానే ఆయన చేతికిచ్చాను.

ఇక కొనే సంగతి. పాసుల మాట దాచి, నువ్వు తిప్పి పంపిన ఆ షీట్లే అమ్మేవాళ్లిద్దరికీ ఇచ్చాను. టై ఆయన పది నిమిషాల్లో అందమైన బొమ్మ గీసి, ఏడో నంబరుకి ఎర్రరంగు పూసి, తీసేయండన్నాడు. కళ్లజోడావిడ డీజిల్ పుస్తకం అడిగి తీసుకుంది. గంటసేపు చూసి, ‘ఖాళీ బస్సు ఇంత డీజిల్ తాగదండీ. ఎవరో ఎక్కుతున్నారు, మీరు రాయడం లేదు’ అంది. అక్కడికక్కడే ఆవిడది కొనేశాను. పాసులవాళ్లని కూడా లెక్కించడం మొదలయ్యాక రమ్మని టై ఆయనకి చెప్పాను. రోజూ చూసుకోవడానికి ఆ బొమ్మ కూడా కావాలి మరి.

పాసులు కూడా కలిపి చూస్తే మిగతా బస్సులన్నీ నిండుగానే ఉన్నాయి, మూడో నంబరూ తొమ్మిదో నంబరూ మాత్రం ఒకే వీధిలో పది నిమిషాల తేడాతో, సగం ఖాళీగా తిరుగుతున్నాయని తేలింది. రెండూ కలిపేశాం. మిగిలిన బస్సు, దాని డ్రైవరుతో సహా, కొత్త కాలనీకి వెళ్లింది.

ఇట్లు,
మామయ్య

తా.క. ఏడో నంబరు ఇంకా ఎంత బాగా నడపవచ్చో స్వయంగా పరిశీలిద్దామని నిన్న పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. మూడో స్టాపు దాకా అన్నీ రాసుకున్నాను. ఆ తర్వాతి సంగతి చివరి స్టాపులో నన్ను లేపిన కండక్టరునే అడగాలి.