బియ్యం పెట్టెలో నాలుగు గీతలు

పటమట, 1998 జూలై, మంగళవారం రాత్రి

అట్టతో చేస్తున్న బొమ్మ గూడ్సు రైలు పెట్టెకు ఈ రోజు లోపల తుప్పు రంగు వేశాను. వాడకంతో పాతబడినట్టు కనిపించాలని తలుపు పక్కన, అడుగున, సూదితో నాలుగు గీతలు గీశాను.

సాయంత్రం నాగేశు వచ్చాడు. గూడ్సు షెడ్డులో ముప్పై ఏళ్లు మూటలు మోసినవాడు. లోపలికి తొంగి చూసి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఈ గీతల సంగతి మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదయ్యా, ఊరికే గీశాను."

"మా తమ్ముడు బియ్యం మూటలెక్కించిన గూడ్సు పెట్టెలో నిద్రపోయాడండీ. చూసుకోకుండా తలుపేసి సీలేశారు. తెరిచేసరికి ప్రాణం లేదు. రోజుకొకటి చొప్పున, మూటలెత్తే కొక్కెంతో నాలుగు గీతలు గీసుకున్నాడు, సరిగ్గా ఇక్కడే. ఆ గీతల సంగతి ఇంట్లో వాళ్లకి కూడా చెప్పలేదు నేను."

వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ తలుపు మాత్రం మూయకండి" అన్నాడు.

గీతల మీద రంగు పూసేద్దామని కుంచె తీశాను. చెయ్యి రాలేదు. తలుపు తెరిచి ఉంచి, కదలకుండా జిగురుతో అంటించేశాను. సరిగ్గా నాలుగే ఎందుకు గీశానో...