నాలుగో వేలు

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను, ఒళ్ళు మండిపోవడం తప్ప.

కిందటి నెల వచ్చినప్పుడు మన పెరటి మట్టి నీ చేత పిడికిట్లో పిసికించుకుని తెచ్చుకున్నాను కదా, ఆ ముద్దనే ప్రదర్శనలో నా శిల్పంగా పెడదామనుకున్నాను. నీ చిటికెన వేలు ముడుచుకోదు కాబట్టి ముద్ద మీద మూడు వేళ్ళ గుంటలే పడ్డాయి. ఆరబెట్టి కాల్చమని, పచ్చిగా ఉండగానే బట్టీ మేస్త్రీకి ఇచ్చాను. నిన్న వెళ్తే, "నాలుగో వేలు మర్చిపోయినట్టున్నారు మేడం, నేనే నొక్కి సరిచేశాను" అంటూ కాలిన ముద్ద చేతిలో పెట్టి, మెచ్చుకుంటానని నిలబడ్డాడు. మెట్ల మీంచి జారిన నన్ను పట్టుకోబోయి నువ్వు విరగ్గొట్టుకున్న వేలది. దానికి వంక పెట్టడానికి వీడెవడు? కాలిన మట్టి మళ్ళీ మెత్తబడదు, వాడి వేలిముద్ర ఇక చెరగదు.

ఆదివారం అన్నయ్య ఇక్కడికి వస్తాడుగా, ఇంకో ముద్ద పిసికి తడిగుడ్డలో చుట్టి పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? నాన్న కళ్ళజోడు మార్పించుకున్నారా? ఆయనకి, వదినకి నా నమస్కారాలు. ఇదంతా చదివి, మొహమాటపడి ఈసారి ఆ వేలు కూడా ముడవబోతావేమో. దాని జోలికి పోకు.

నీ చిన్నది