రాని రిపోర్టు

జూన్ 3
ఆపరేషన్ కుట్లు విప్పి నెల దాటింది. నాలుగు ముద్దలకే ఆయాసం. మెడికల్ షాపువాడు మళ్లీ అదే గులాబీ రంగు గ్యాస్ మందు ఇచ్చాడు. ఏడాదిగా తాగుతున్నాను. ఇరవై ఏడేళ్లకి ఇంత గ్యాస్ ఏమిటని వాడికీ అనిపించదు, మా ఆయనకీ అనిపించదు.

జూన్ 5
ఆపరేషన్‌లో తీసిన గడ్డ రిపోర్టు ఏదని ఈయన్ని అడిగాను. "బాగానే ఉందట. ఫోన్లో సెప్పేరు."
కాగితమో?
"తెత్తాన్లే."
నాలుగోసారి ఇది. నా మొహం చూడకుండా, బండి తుడుస్తూ.

జూన్ 13
బడిలో లెక్క చెబుతూ చెబుతూ కుర్చీలో కూలబడ్డాను. చీర బొడ్డు దగ్గర బిగుసుకుపోతోంది. ఎదురింటావిడ నవ్వుతూ, "ఇసేసమేటమ్మా?" మొహం మీదే తలుపు వేశాను. హాయిగా ఉంది.

జూన్ 14
స్కానింగ్. ఎడమ అండాశయం తీసేశారు కదా... ఇప్పుడు కుడిదానిలో గడ్డ. పొట్టలో నీరు.

జూన్ 16
విశాఖ. పెద్ద డాక్టరు మొదటి మాటే — "తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు?" ఈయన తన చెప్పులు చూసుకుంటున్నాడు.
అన్నం ఎంత తింటున్నావమ్మా అని అడిగారు. ఏడాదిలో అది అడిగిన మొదటి మనిషి. రెండువైపులా వస్తోందంటే పుట్టింది అక్కడ కాకపోవచ్చట. జీర్ణాశయంలో మొదలై అండాశయానికి పాకే క్యాన్సర్ ఒకటుందట. అరుదు. చిన్న వయసువాళ్లకీ వస్తుందట. ముందు ఎండోస్కోపీ చేయాలి.
తిరుగు బస్సులో ఈయన నోరు విప్పాడు. "లేబుకి అట్టుకెళ్లమని గడ్డ ఏసిన సీసా నాకే ఇచ్చేరు. దారిలో ఇంటికొచ్చేను. అప్పుడింట్లో ఉన్న మీ అమ్మ లాక్కుంది."
అమ్మ.

జూన్ 17
రావికమతం నుంచి అమ్మ వచ్చింది. దాచలేదు. "నీ ఒంట్లో ముక్కే అది. ఎవుడి సేతిలోనన్నా పడితే సిల్లంగి ఎట్టేత్తారు. మన సెరుకు గట్టున కప్పెట్టేసేను. పసుపేసే కప్పెట్టేను."
పసుపేసిందట. నాకు చేతబడి చేసేంత తీరిక ఎవరికుంది?
మరి రిపోర్టు బాగుందని ఎందుకన్నారు?
"నువ్వు బయపడతావని అల్లుడూ నానూ అనుకున్నాం."
ఇద్దరూ అనుకున్నారు. ఒళ్లు మాత్రం నాది. అసహ్యం వేస్తోంది ఇద్దర్నీ చూస్తే.

జూన్ 18
గ్యాస్ మందు సింకులో పారబోశాను.

జూన్ 20
ఎండోస్కోపీ అయింది. జీర్ణాశయంలో పుండు. చిన్న ముక్కలు తీశారు. ఈసారి ఆసుపత్రివాళ్లే పరీక్షకి పంపుతారు. ఫలితానికి వారం.
ఆ సీసా అప్పుడే ల్యాబుకి చేరి ఉంటే — అని అడిగాను. డాక్టరు, "రెండు నెలల ముందే తెలిసేదమ్మా" అన్నారు. తెలిస్తే నయమయ్యేదా అంటే కంప్యూటర్ వైపు తిరిగారు.
బయట బెంచీ మీద అమ్మ. "ఏటన్నారే?"
ఏమీ అనలేదని చెప్పొచ్చు. చెప్పలేదు. డాక్టరు అన్నది అన్నట్టే చెప్పాను. తగలాలనే చెప్పాను. తగిలింది. ఏడవలేదు తను. "గునపం అట్టుకెళ్లి తవ్వి తెత్తే ఇప్పుడు పనికొత్తాదేటే?" అంది.
నేను లేచి వెళ్లిపోయాను.

జూన్ 21
అమ్మ పొద్దున్నే మొదటి ఆటోకి ఊరెళ్లిపోయిందట. ఎందుకెళ్లిందో నాకు తెలుసు. ఫోన్ చేస్తే ఆగుతుంది.
పదకొండయింది. ఇంకా చేయలేదు...