రంగు అరిగిన హయబూసా

కరీంనగర్,
21 నవంబర్ 1999

ప్రియమైన బాలమల్లుకు,

నీ మధుసూదన్‌రావు గట్టిగా కౌగిలించుకుని రాస్తున్నది. ఇక్కడ మీ అవ్వ క్షేమం, నేనూ క్షేమం. ఏప్రిల్ తర్వాత ఈ మాట మనసారా రాయగలగడం ఇదే మొదలు.

నువ్వు బతికే ఉన్నావు మల్లూ! ఎలా తెలిసిందో ముందు చెప్తాను.

పోయిన వారం బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన ఇంటర్నెట్ షాపులో కూర్చుని, జపాన్‌లోని సాతో గారి వెబ్‌సైట్ చూశాను. యుద్ధకాలపు జపాన్ విమానాలను ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎగరేయడానికి తయారు చేసేవాళ్లంతా తమ మోడళ్లను అక్కడే పెడతారు కదా. రెక్కల కొలతలు సరిచూడమని మన హయబూసాను కూడా ఆయనకు పంపాం. హయబూసా అంటే డేగ అని తెలిసిన రోజు నువ్వెంత మురిసిపోయావో! ఏప్రిల్‌లో మనం పనిచేసే సెంటర్‌లో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా చచ్చిపోయినప్పుడు అది కూడా పోయిందనే అనుకున్నాను. కానీ ఆయన తన దగ్గరున్న దాన్ని పూర్తి చేయించి అందరికీ అందుబాటులో పెట్టారు. దించుకుని సిమ్యులేటర్‌లో తెరిచాను.

విమానం రన్‌వే మీద నిలబడి ఉంది. ఆకారం నేను గీసిందే. ఒంటి మీది రంగు మాత్రం కొత్తది. ఆకుపచ్చ పెచ్చులూడిన చోటల్లా కింద అల్యూమినియం మెరుస్తోంది. చూపును ఎడమ రెక్క వైపు తిప్పాను. పైలట్ కాలు మోపి ఎక్కే చోట రంగు అరిగిపోయి ఉంది. "మనిషి ఎక్కి దిగిన జాడ లేకుంటే అది బొమ్మనే అయితది గని ఇమానం ఎట్లయితదిరా" అని నువ్వు నాతో ఎంత కొట్లాడావు! సిరిసిల్లలో మీ బాపు గళ్ల కాగితం మీద చీర అంచుల డిజైన్లు నింపినట్టే, నువ్వు తెర మీద చుక్క చుక్కా నింపేవాడివి. ఇంకెవరికి చేతనవుతుందా పని? కింద చూస్తే, రంగులు వేసినవారు బాలమల్లు, భివండి అని ఉంది. షాపులో అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

అటు నుంచి అటే సిరిసిల్ల బస్సెక్కాను. అవ్వ మగ్గానికి నూలు కండెలు చుడుతోంది.

"అవ్వా, మల్లు దొరికిండు" అన్నాను.

ఆమె చేయి ఆగిపోయింది. "యాడ? మానేరులనా?" అంది.

ఎందుకలా అడిగిందో నీకు తెలియాలి. వానాకాలంలో మానేరు వాగులో ఎవరో పిల్లగాడు శవమై తేలాడని వినబడి, అవ్వా నేనూ పోయి చూశాం. ఒడ్డున దుప్పటి తీసేదాకా ఆమె నా మణికట్టు వదల్లేదు. "నా కొడుకు గాడు" అంది. మళ్లీ అంతలోనే "ఏ తల్లి కొడుకో" అని అక్కడే కూలబడింది.

"బతికున్నడవ్వా! బొంబాయి పక్కన భివండిల ఉన్నడు. మన ఇమానానికి రంగులేసిండు" అన్నాను.

చేతిలోని కండె పక్కన పెట్టింది. తర్వాత అడిగింది: "తిండి మంచిగ తింటుండా?"

విమానాన్ని చూసి ఆ సంగతి ఎలా చెప్పగలను? అయినా "తింటుండవ్వా" అన్నాను. ఆ పూట ఆమె కూడా కడుపునిండా తిన్నది.

ఇక సెంటర్ యజమాని జగపతిరావు సారు సంగతి. "నువ్వు హైదరాబాద్‌కెల్లి తెచ్చిన సీడీతోనే గీ వైరస్ వచ్చింది, నన్ను ముంచినవ్" అని ఆ రోజు ఆయన అందరి ముందూ నిన్ను నిలబెట్టి తిట్టాడు. నేను నీ తరఫున వాదిస్తుండగానే నువ్వు చెప్పులైనా తొడుక్కోకుండా మెట్లు దిగి కనబడకుండా పోయావు. మంచిర్యాలలో సారు బావమరిది షాపులో కూడా అదే రోజు కంప్యూటర్లు పోయాయని నాకు ఈ మధ్యే తెలిసింది. నీ సీడీ అక్కడికి ఎన్నడూ పోలేదు. రెండు చోట్లా నడిచింది సారు తెచ్చిన జాతకాల సీడీ ఒక్కటే. వైరస్‌ను పట్టే ప్రోగ్రామ్‌తో రెండింటినీ పరీక్షించాను. నీది శుభ్రంగా ఉంది. రోగం జాతకాల సీడీలోనే ఉంది.

ఆయన కళ్లముందే చూపించాను. మొన్న తానే సిరిసిల్ల పోయి మీ వాకిట్లో నిలబడి, "ఐలవ్వా, తప్పు నాది. పోరన్ని ఉత్తగనే బద్నాం చేసిన" అన్నాడు. అవ్వ కూర్చోమనలేదు. మంచినీళ్లు మాత్రం ఇచ్చింది.

నువ్వు తలదించుకోవలసిన పనేదీ చేయలేదు మల్లూ. రావాలనిపిస్తే రా. అక్కడ పని బాగుంటే ఉండు, జాడ మాత్రం తెలియనీ. హయతే అనే ఇంకో యుద్ధవిమానం చేసివ్వమని సాతో గారు అడుగుతున్నారు. ఆకారం మొదలుపెట్టాను. రంగులు నీకే వదిలేశాను.

ప్రేమతో,
నీ మధు

తా.క.: ఒక సంగతి ఇంతసేపూ దాచాను. మన విమానం ఉన్న సీడీని నీకు పంపిన చిరునామాను సాతో గారు నాకు తెలియజేశారు. ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మీ సిరిసిల్ల పక్కింటి హనుమంతు అంత దూరం ఒక్కడే రాలేదు. "నన్ను జూడంగనే సిగ్గుతోని మళ్ల యాడికన్న ఉరుకుతడేమో, ముంగట గీ కాయితం సదవనీ" అని అవ్వ ఇప్పుడు భివండిలో నీ సందు మొగదల ఏదో చాయ్ హోటల్ దగ్గర కూర్చుని ఉంటుంది. జల్దీ పో. ఆమెకు అక్కడి భాష రాదు.