అల్లూరు కాలువ మీద ప్రింటు వంతెన

చెన్నై
గంగులయ్య మామకు ప్రత్యూష నమస్కారాలు.
మీ రొయ్యల గుంటల మధ్య కాలువ మీద మా ల్యాబు వాళ్లు బిగించిన నడకవంతెన మీదే నా పీహెచ్‌డీ అంతా ఆధారపడి ఉంది. దాని అతుకుల దగ్గరి ఉక్కు పలకలు త్రీడీ ప్రింటులో తీసినవి. ఉప్పుగాలి తగులుతూ, మనుషులు నడుస్తుంటే బోల్టు చిల్లులు సాగుతాయా అన్నది తేలాలి. వారానికోసారి చూసి రాయండి. ఫోన్లో చెబితే మా సార్ ఒప్పుకోరు.
మీ మేనకోడలు
ప్రత్యూష
తా.క.: బోల్టులను ఎవరూ బిగించకూడదు.

అల్లూరు
అమ్మాయ్ ప్రత్యూషా, చల్లగా ఉండు.
చిల్లులు బాగున్నాయి. ప్రింటు అన్నావు గదా, వానకు చెరిగిపోతుందేమోనని టార్పాలిన్ కప్పినాను. పలకలు అలలు అలలుగా, గరుకుగా ఉన్నాయి. మిషను సరిగ్గా తీయలేదేమో, ఇంకో కాపీ తీయించరాదా?
మామ
తా.క.: కప్పినాక ఎవరూ నడవడం లేదు. వంతెన మాత్రం కొత్తగా ఉంది.

చెన్నై
మామా,
టార్పాలిన్ తీసేయండి. అది కాగితం మీద అచ్చు కాదు. వెల్డింగు తీగ కరిగించి పొర మీద పొర పోసిన ఉక్కు. ఆ గరుకు పొరల గుర్తే. అలాంటి పలకలనే ఇక్కడ లాగి విరగ్గొడుతున్నాం. కొన్ని బోల్టు చిల్లు నుంచి అంచుదాకా చీలాయి, కొన్ని అడ్డంగా తెగాయి.
ప్రత్యూష
తా.క.: మీకు అర్థమవుతుందని విరిగిన పలకల ఫొటోలు పంపుతున్నాను.

అల్లూరు
ప్రత్యూషా,
ఫొటోలు టీ అంగట్లో అందరికీ చూపించినాను. ఇప్పుడు వంతెన దగ్గరికే ఎవరూ పోవడం లేదు. గుంటల్లో పనిచేసే రెజీనా, "నీ మేనకోడలు చదువుకునేదానికి మమ్మల్ని కాలవలో తోస్తుందా అన్నా?" అని అడిగింది. విరిగేదాన్ని మా ఊళ్లో ఎందుకు పెట్టినావు?
మామ
తా.క.: మీ అత్త మాలకొండమ్మ నీ పక్షమే. ఈత వచ్చినవాళ్లు నడవచ్చునంటుంది.

చెన్నై
మామా,
విరగ్గొట్టేది ఇక్కడ, అక్కడ కాదు. ఎంత బరువుకు విరుగుతాయో చూసి, అంతకు చాలా తక్కువ బరువు పడేలా వంతెన కట్టాం. ఎవరూ నడవకపోతే వంతెన విప్పి తీసుకొచ్చేయమంటున్నారు సార్. అప్పుడు నా చదువు ఆగినట్టే. నా మీద నమ్మకం ఉంటే మీరైనా నడవండి.
ప్రత్యూష
తా.క.: ఒక్కరే వద్దు. బరువు చాలదు.

అల్లూరు
ప్రత్యూషా,
నడిచినాను. నేను, రెజీనా, పక్క గుంట హజరత్తయ్య మేత బస్తాలు ఎత్తుకొని నడిమధ్యన నిలబడినాము. చూసేదానికి ఊరంతా వచ్చి గట్టెక్కింది. వంతెన కదల్లేదు. జనం బరువుకు గట్టు జారింది. మేము వంతెనతో సహా మెల్లగా కాలవలోకి దిగినాము. మోకాటి లోతే, ఎవరికీ దెబ్బ తగల్లేదు. వంగి చూసినాను. ఒక్క చిల్లూ సాగలేదు, ఒక్క బోల్టూ ఒరగలేదు. ఊరికి ధైర్యం వచ్చింది. ఇప్పుడు కాలవలోకి దిగి మరీ దాని మీద నడుస్తున్నారు.
మామ
తా.క.: మీ మిషనులో గట్టు కూడా ప్రింటు తీసేదానికి వీలవుతుందా అని హజరత్తయ్య అడగమన్నాడు.