స్వయంగా పిలిచినట్లు భావించి

మలికిపురం, ఏప్రిల్ 24

చిరంజీవి భాస్కర్‌కి,

మీ అత్తయ్య కనకమహాలక్ష్మి ఆశీస్సులు. ఫోను చెయ్యక ఉత్తరం ఎందుకంటావు. ఫోనులో అన్నమాటని రేపు "నేనలా అనలేదండీ" అనొచ్చు. కాగితం మీద అలా కుదరదు. జవాబు నువ్వూ కాగితం మీదే రాయి, ఫోను ఎత్తను.

నీ కూతురు లక్ష్మీతులసి పెళ్ళి మే 21న అని వాట్సాప్‌లో కార్డు వచ్చింది. పెళ్ళికొడుకు అల్లవరం అబ్బాయి దుర్గాసాయి. సంతోషం. అడుగున "దీనినే స్వయంగా పిలిచినట్లు భావించి విచ్చేయగలరు" అని ఉంది. సరే, భావించేను. నువ్వు పిలిచినట్లు భావించి, నేను వచ్చినట్లు భావించి, బూరెలు తిన్నట్లు కూడా భావించేను. కాస్త నెయ్యి తక్కువైంది.

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నిన్ను మా ఇంట్లో పెట్టుకుని ఇంగ్లీషు చెప్పేను. ఇన్విటేషన్ వేరు, ఇంటిమేషన్ వేరు అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. రేపు పది నుంచి రెండు దాకా కరెంటు ఉండదని చెబుతారే, అది ఇంటిమేషన్. చెప్పడంతో వాళ్ళ పని అయిపోతుంది. పిలిచినవాడి పని మాత్రం మనం వచ్చేదాకా అవ్వదు. గుమ్మంకేసి చూస్తూనే ఉంటాడు. నాకు వచ్చింది ఏదో నువ్వే తేల్చుకో.

ఇట్లు, నీ పాత టీచరు కూడా అయిన
అత్తయ్య

తా.క.: కార్డులో పిల్లా పిల్లాడూ దిండి దగ్గర గోదావరిలో పడవ అంచు మీద నిలబడ్డారు. ఇద్దరికీ ఈత వచ్చా?

~

కొత్తపేట, ఏప్రిల్ 28

పూజ్యులైన అత్తయ్యగారికి,

భాస్కర్ నమస్కారాలు. ఆయ్, తప్పు నాదేనండి. మీలాంటివారికి ఫోనులో కార్డు పంపడం మర్యాద కాదు. అచ్చు కార్డు కొరియర్లో పంపుతున్నాను. వెల్వెట్ పెట్టె అండి, మూత తీస్తే సన్నాయి వినిపిస్తుంది. లోపల జీడిపప్పూ కిస్మిసూ.

మీ మోకాళ్ళ సంగతి మాకు తెలుసునండి. అంతదూరం ఇబ్బంది పడి రాకపోయినా మేమేమీ అనుకోం. మీ ఆశీస్సులుంటే చాలు.

మీ విధేయుడు
భాస్కర్

తా.క.: పెళ్ళంతా లైవ్ ఇస్తున్నామండి. లింకు పంపుతాను. మీ కుర్చీలోంచే అక్షింతలు వెయ్యొచ్చు.

~

మలికిపురం, మే 1

భాస్కర్‌కి దీవెనలు, ఉన్నంతలో.

పెట్టె చేరింది. కొరియర్ అతను సంతకం పెట్టించుకున్నాడు. కోర్టువారు సమన్లు కూడా అలాగే ఇస్తారు. తేడా ఏమిటంటే కోర్టువారికి మనం రావాలని నిజంగానే ఉంటుంది. మూత తీస్తే సన్నాయి మొదలైంది, మూసినా ఆగలేదు. బియ్యం డబ్బాలో పెట్టేను. అక్కణ్ణించీ వాయిస్తోంది.

నా మోకాళ్ళు నీతో ఏమైనా చెప్పుకున్నాయా? వారానికి రెండుసార్లు లైబ్రరీకి నడిచే మోకాళ్ళవి.

ఇక అసలు సంగతి. నిన్న నీ భార్య నాగదుర్గ కుంకంబరిణి పట్టుకుని మా వీధికి వచ్చింది. పదకొండు గుమ్మాలెక్కి బొట్టు పెట్టి పిలిచింది. పన్నెండో గుమ్మం మాది. నేను వరండాలోనే ఉన్నాను. నన్ను చూసి, నవ్వి, కారెక్కింది. నవ్వు బాగుంది.

ఇట్లు,
పన్నెండో ఇంటి అత్తయ్య

తా.క.: ఎదురింటి సాలమోనుగారి భార్య బొట్టు పెట్టుకోరు. ఆవిడని మాత్రం నాగదుర్గ రెండు చేతులూ పట్టుకుని "తప్పకుండా రావాలండీ" అంది. అంటే కుంకం లేకుండా ఉత్త నోటితో పిలవడం మీ ఇంట్లో వచ్చన్నమాట.

~

కొత్తపేట, మే 5

అత్తయ్యగారికి వెయ్యి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి నాగదుర్గ రెండురోజులు అన్నం సరిగా తినలేదండి. మామయ్యగారు పోయేక, బొట్టుపెట్టె పట్టుకుని మీ గుమ్మం ఎక్కితే మీ మనసు కష్టపడుతుందని మా ఇంట్లో పెద్దలంతా కూర్చుని అనుకున్నామండి. అంతా మీ మీద గౌరవమే.

ఆ గౌరవం అందరికీ తెలియాలని మలికిపురం సెంటర్లో మీ ఫొటోతో ఫ్లెక్సీ కట్టించేను. పదహారడుగులు. మీ రిటైర్మెంటునాటి ఫొటో, చుట్టూ పూలదండ బోర్డరు. కింద "మీ ఆశీస్సులు మాకు ఎల్లప్పుడూ ఉండాలి" అని, మా ముగ్గురి పేర్లూ వేయించేను.

మీ
భాస్కర్

తా.క.: ఫ్లెక్సీ వేసిన అతను మీ దగ్గర చదువుకున్నవాడేనటండి. అభిమానం కొద్దీ తనే రెండు దీపాలు కలిపేడు.

~

మలికిపురం, మే 9

భాస్కర్,

నేను పోయినట్లు మొన్న పొద్దున్న ఏడింటికి నాకు తెలిసింది. మా స్కూల్లో లెక్కలు చెప్పిన సత్యదుర్గారావుగారు దండ పట్టుకుని వచ్చేరు. తలుపు నేనే తీసేను. ఆయన కాసేపు నావంకా, కాసేపు దండవంకా చూసి, "ఎప్పుడు జరిగిందండీ" అని నన్నే అడిగేరు. కాఫీ ఇచ్చేను. ఈలోగా పక్కింటి అప్పలరాజు వీధిలో కుర్చీలు వేయించేశాడు. పదింటికల్లా నలభైమంది పాత విద్యార్థులు. వాళ్ళు నా గురించి ఎంత బాగా మాట్లాడుకున్నారంటే, లోపలి గదిలోంచి వింటున్నదాన్ని, బయటికి రాబుద్ధి కాలేదు.

పూలదండ, రెండు దీపాలు, ఎల్లప్పుడూ ఆశీస్సులు. చూసినవాళ్ళు ఇంకేమనుకుంటారు?

ఒకటి గమనించు. ఆ నలభైమందినీ ఎవరూ పిలవలేదు. తెలిసింది, వచ్చేరు. చావుకి ఇంటిమేషన్ చాలు. పెళ్ళికి చాలదు.

ఇక నీ గౌరవం. నా మనసు కష్టపడుతుందో లేదో తేల్చడానికి మీ పెద్దలంతా కూర్చున్నారు. నన్నొక్కమాట అడగడానికి ఒక్కరూ లేవలేదు. పిలవడమంటే అడగడం. రానని చెప్పే వీలు కూడా ఎదుటివారికి ఇవ్వడం. లక్ష్మీతులసికి నడక వచ్చింది మా వరండాలో. దాని పెళ్ళి నాకు చూడాలనే ఉంది. అయినా పిలిస్తే వస్తాను, లేకపోతే రాను. మధ్యలో ఇంకేం లేదు.

ఇట్లు,
ఇంకా ఉన్న అత్తయ్య

తా.క.: నవంబరులో పెన్షనుకి బతికున్నట్లు రుజువు చూపించాలి. సాక్షిగా నిన్నే పిలుస్తాను. నిజంగా పిలుస్తాను, చూసి నేర్చుకో.

~

కొత్తపేట, మే 13

అత్తయ్యగారికి,

తలెత్తి రాయలేకపోతున్నానండి. ఫ్లెక్సీ తీయించేసేను. నిజం చెబుతున్నాను, నాగదుర్గ మీ గుమ్మం ఎక్కుదామనే అందండి. వద్దన్నది నేను. తులసి "మామ్మ రాకపోతే పీటల మీద కూర్చోను" అంటోంది. అన్నట్టే కూర్చోదు, మీ పోలికే.

ఆదివారం పదిన్నరకి మేం ముగ్గురం మిమ్మల్ని పిలవడానికి వస్తున్నాం. ఇంట్లోనే ఉండండి. టిఫిన్లేమీ పెట్టుకోకండి.

మీరు పెంచిన
భాస్కర్

తా.క.: కుంకంబరిణి తేవచ్చా అండి, మానాలా? ఈసారి అడుగుతున్నాను.

~

మలికిపురం, మే 16

చిరంజీవి భాస్కర్‌కి,

నీ తాజాకలం బాగుంది. యాభై ఏళ్ళకి ఒక ప్రశ్న అడిగేవు. తీసుకురండి. నా నుదురు ఎక్కడికీ పోలేదు.

పైనంతా మళ్ళీ ఇంటిమేషనే. "వస్తున్నాం, ఇంట్లోనే ఉండండి." నేను ఇంట్లో ఉండను. ఆదివారం అల్లవరంలో ఉంటాను, నీ వియ్యాలవారింట్లో.

నీ ఫ్లెక్సీ ఫొటో వాట్సాప్‌లో అల్లవరం దాకా పోయింది. మర్నాడు పెళ్ళికొడుకు మామ్మ రామలక్ష్మిగారు రెండు బస్సులు మారి, ఒక్కరే, నన్ను పరామర్శించడానికి వచ్చేరు. ఆవిడ నన్ను చూసి తేరుకున్నాక, మనవడి పెళ్ళికి ఏ చీర కడుతున్నారని అడిగేను. "నేను వెళ్ళడం లేదండి. ఇంటికి కాపలా ఎవరో ఒకరు ఉండాలిగా అన్నారు. చావులకైతే ఎవరూ పిలవక్కర్లేదు కదండీ, అందుకని వచ్చేను" అన్నారు. ఆవిడ భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ ఇంట్లో కూడా ఎవరో కూర్చుని గౌరవంగా తేల్చేసినట్టున్నారు.

"మా తులసి పెళ్ళికి మీరు రావాలి" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసేరు, ఇంకెవరినో అంటున్నాననుకుని.

కాబట్టి ముగ్గురూ బరిణితో అల్లవరం రండి. వాళ్ళబ్బాయీ కోడలూ చూస్తుండగా ముందు ఆవిడని పిలవండి, తర్వాత నన్ను. ఆవిడకి కుడివైపు కూర్చుని చెప్పండి, ఎడమచెవి వినపడదు. వియ్యాలవారేమనుకుంటారో అని నీకు చెమటలు పడతాయి. తువ్వాలు తెచ్చుకో.

ఇట్లు,
ఆదివారం ఊళ్ళో ఉండని
అత్తయ్య

తా.క.: రామలక్ష్మిగారు వస్తానని ఇంకా అనలేదు. ఆలోచించుకుని చెబుతానన్నారు. తొమ్మిదేళ్ళలో ఆవిడకి ఆ మాట అనే అవకాశం ఇప్పుడే వచ్చింది. మీరు తొందర పెట్టకండి.